గోడ మీద 781 ఏళ్ళు

మే 4, 2025

ఈ రోజు మా ఊరి గ్రంథాలయం ప్రహరీ గోడను టేపు పట్టి కొలిచాం. 54 అడుగులు, సెంటీమీటర్లలో సుమారు 1,646. లోపలి వైపు పూత గట్టిగానే ఉంది. వీధి వైపు మాత్రం నేల నుంచి రెండు అడుగుల మేర ఉప్పు పేరి, గోరు తగిలితే పొడి రాలుతోంది. మేము రంగు వేయదలచుకున్నది వీధి వైపే.

పని ఏమిటో ముందు రాసి పెట్టుకుంటాను. ప్రపంచంలో డబ్బు, పెత్తనం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఎలా మారుతూ వచ్చాయో ఈ గోడ పొడవునా రంగు పట్టీలుగా చూపించాలి. ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పాను. కాకతీయులు ఒక తరగతిలో, పోర్చుగీసువారు ఇంకో తరగతిలో, 1929 మాంద్యం మరో తరగతిలో వచ్చేవి. అవన్నీ ఒకే కథలోని ముక్కలని, ఆ కథ మన ఒడ్డును తాకుతూనే నడిచిందని చూపించేంత పెద్ద నల్లబల్ల నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఇప్పుడే ఎందుకంటే, ఏప్రిల్ 2న అమెరికా కొత్త దిగుమతి సుంకాలు ప్రకటించింది. ఆ వారంలోనే మా తీరంలో రొయ్య ధర పడిపోయింది. చెరువు కౌలుకు తీసుకున్న మా తమ్ముడి వరుస అబ్బాయి గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని, “నా చెరువులో రొయ్యకూ వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికీ ముడి ఎక్కడ పడిందన్నా?” అని అడిగాడు. ఆ ముడి ఈనాడు పడింది కాదు. దాని వయసు చూపించాలంటే ఈ గోడంత పొడవు కావాలి.

మే 11

కొలతలు తేలాయి. ఏడాదికి 2 సెంటీమీటర్లు. 1244లో మొదలుపెట్టి 2025 వరకు 781 ఏళ్ళు, అంటే 1,562 సెంటీమీటర్లు. ఎడమ అంచున శీర్షికకు 14 వదిలాం. కుడివైపు ఇంకా 70 సెంటీమీటర్లు మిగులుతాయి, 2060 దాకా సరిపోయే జాగా. అక్కడ దాతల పేర్లు రాయిద్దామని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. అది ఖాళీగానే ఉండాలి.

మొదలు 1244 ఎందుకంటే, ఆ ఏడాది కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. మోటుపల్లి నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. మా కందుకూరు మాత్రం తక్కువ తిరిగిందా? 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. ప్రపంచ పటం మారడాన్ని వింతగా చూడనక్కరలేదని పిల్లలకు చెప్పడానికి మా తాలూకా ఒక్కటి చాలు.

పనిలో ఉన్నది నలుగురం. రంగుల పని మస్తానయ్యది. లెక్కలు, దారాలు పదో తరగతికి వెళ్ళబోతున్న సుప్రజ, హర్షలవి. తప్పులు పట్టే పని నాది.

మే 25

రెండు వారాలు గోడ మరమ్మతుకే పోయాయి. ఉప్పు పట్టిన పూత అంతా గీకి, కడిగి, కొత్తగా సిమెంటు పూత పూయించాం. రోహిణి కార్తె మొదలైంది. తడి గోనెపట్టాలు కప్పి రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లకపోతే పూత పగిలిపోతుంది. పిల్లలు వంతులు వేసుకున్నారు.

జూన్ 8

మేస్త్రీల నీటి గొట్టంతో మట్టం చూసి, నీలం పొడి అద్దిన దారం లాగి కొట్టి గీతలు వేశాం. మొదటి గుర్తు మోటుపల్లి.

ఆ శాసనం గురించి పిల్లలకు వివరంగా చెప్పాను. తుపానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు అది మాని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని రాతి మీద మాట ఇచ్చాడు. ఆ శతాబ్దం చివరికి మార్కో పోలో ఈ రేవును ముట్ఫిలి అని రాసుకున్నాడు. అప్పటికి చైనా నుంచి నల్లసముద్రం దాకా దారులు మంగోలుల చేతిలో ఉన్నాయి. దేశాలు దాటే వర్తకుడికి ఎక్కడికక్కడ ఎవరో ఒకరి అభయం కావలసి వచ్చేది.

1358లో రెడ్డిరాజు అనవోత మోటుపల్లిలో మళ్ళీ అలాంటి శాసనమే వేయించాడు. సుప్రజ అడిగిన ప్రశ్న ఈ గోడకు ఆయువుపట్టు అయింది. “ముందే ఒకటి ఉంది కదా మాస్టారూ, రెండోది ఎందుకు?”

కాకతీయులు 1323లో పోయారు. వాళ్ళతో పాటు వాళ్ళ మాట కూడా పోయింది. రాయి అక్కడే ఉంది, రాతిలోని అక్షరం చెక్కుచెదరలేదు, వెనుక నిలబడేవాడు లేడు. కొత్తగా వచ్చినవాడు తన పేరు మీద అదే అభయం మళ్ళీ ఇచ్చుకోవాలి. పట్టీ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది అన్న ప్రశ్నకు ఈ రోజు ఒక సూత్రం దొరికింది. సైన్యాన్ని, భూమిని కొలవం. ఎవరి మాటను దూరదేశపు వర్తకుడు నమ్మి సరుకు దింపాడో, ఎవరి నాణేన్ని దాచుకున్నాడో అదే కొలుస్తాం.

జూన్ 22

పోర్చుగీసు వారిది ఆకుపచ్చ, డచ్చి వారిది నారింజ, బ్రిటన్‌ది ఎరుపు, అమెరికాది నీలం. చైనా పట్టీ పసుపు, అన్నిటికన్నా పైన.

పోర్చుగీసువారు గోవా పట్టుకున్నది 1510. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలిచింది 1514. గోడ మీద రెంటికీ మధ్య 8 సెంటీమీటర్లు, నాలుగైదు వేళ్ళ వెడల్పు. మా ఉదయగిరి కొండ మీద ముట్టడి నడుస్తున్న రోజుల్లోనే పడమటి సముద్రం మీద కొత్త యజమాని తిరుగుతున్నాడు. విజయనగరానికి యుద్ధపు గుర్రాలు ఆ ఓడల్లోనే వచ్చేవి.

తర్వాత డచ్చివారు, ఇంగ్లీషువారు. డచ్చివారు పులికాట్‌లో 1613 నాటికి కోట కట్టుకున్నారు. వాళ్ళకు కావలసింది మన తీరపు నూలు బట్ట. దాన్ని తూర్పు దీవులకు పట్టుకెళ్ళి సుగంధద్రవ్యాలకు మార్చుకునేవారు. దానికి ఉత్తరాన, ఒకప్పటి మన నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1626 ప్రాంతంలో ఒక చిన్న కోట వేసుకుంది. పేరు ఆర్మగాన్. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో ఇంకా దక్షిణాన స్థలం సంపాదించాడు. అదే మద్రాసు. ఆర్మగాన్‌ను వదిలేశారు. ఒక మహాసామ్రాజ్యం మొదటి అడుగుల్లో ఒకటి మన ఇసుకలో పడి, నిలవకుండా పక్కకు జరిగింది.

ఈ రోజు పని ఆగింది కూడా ఇక్కడే. నారింజ పట్టీ ఎక్కడ ఆపాలి? 1780లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధం దగ్గరా, డచ్చి కంపెనీ మూతపడిన 1799 దగ్గరా, ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకు మూసేసిన 1819 దగ్గరా? హర్ష ఒక గీత గీశాడు, సుప్రజ ఇంకోటి. గంట సేపు వాదన. మస్తానయ్య అంతా విని, డబ్బాలో మిగిలిన రంగులో బ్రష్ ముంచి, గుడ్డకు తుడిచి, దాదాపు ఎండిన బ్రష్‌తో గోడ మీద లాగాడు. నారింజ మెల్లగా పలచబడుతూ 1780 నుంచి 1819 దాకా పోయి గోడ రంగులో కలిసింది. దాని అడుగున ఎరుపును కూడా అలాగే 1694 నుంచి పలచగా మొదలుపెట్టి చిక్కబరిచాడు. 1694 ఇంగ్లండు బ్యాంకు పుట్టిన ఏడాది. “మునిమాపు వేళ గీత గీసి పగలూ రాత్రీ విడదీయలేం కదా మాస్టారూ” అన్నాడు.

నిలబడి చూస్తే మొదటిసారి అర్థమైంది. రెండు రంగులు ఒకదాని మీద ఒకటి ఉన్న భాగం రెండున్నర మీటర్లు, 125 ఏళ్ళు. పుస్తకంలో “డచ్చివారి తర్వాత బ్రిటిష్ వారు” అని నేను చెప్పిన ఒక్క వాక్యంలో ‘తర్వాత’ అనే మాట తప్పు. ఆ కాలంలో డచ్చి వడ్డీవ్యాపారులు తమ సొమ్మును బ్రిటన్ ప్రభుత్వ రుణపత్రాల్లో పెట్టారు. ముసలివాడు పొలం దున్నడం మాని అప్పులిస్తాడు, ఆ అప్పుతో పక్కవాడు ఎడ్లు కొంటాడు.

జూలై 6

ఇబ్న్ ఖల్దూన్ దారం. ఈ అరబ్బు చరిత్రకారుడు 1332లో ట్యూనిస్‌లో పుట్టి 1406లో కైరోలో పోయాడు. 1348 నాటి మహామారిలో తల్లిదండ్రులను కోల్పోయాడు. రాజవంశాలకు మనుషుల్లాగే ఆయుర్దాయం ఉంటుందనీ, నలభై ఏళ్ళ చొప్పున మూడు తరాలనీ ఆయన లెక్క. ఎడారిలో కలిసి ఆకలి పడ్డ మొదటి తరానికి ఒకరి మీద ఒకరికి గట్టి కట్టుబాటు ఉంటుంది. రెండో తరానికి అది జ్ఞాపకం. మూడో తరానికి కోట గోడలు తప్ప ఇంకేమీ తెలియదు. దీనికి మన పల్లెల్లో ఉదాహరణలు వెతకనక్కరలేదు. తాత బావి తవ్వితే, తండ్రి తోట పెంచితే, మనుమడు తాకట్టు పెట్టిన ఇళ్ళు ప్రతి వీధిలో ఉన్నాయి.

120 ఏళ్ళంటే గోడ మీద 240 సెంటీమీటర్లు. అంత దారం కత్తిరించి నెపోలియన్ ఓడిపోయిన 1815 వాటర్లూ యుద్ధం దగ్గర మేకు కొట్టి లాగాం. రెండో కొస 1935 మీద పడింది. బ్రిటన్ నాణెం పౌనుకు బంగారంతో ముడి తెగింది 1931 సెప్టెంబరు 21న. పిల్లలు కేక వేశారు. నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది.

జూలై 13

నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. కారణం సిద్ధాంతి గారు.

సాయంత్రం ఆయన గోడ చూడడానికి వచ్చి, “మన అరవై ఏళ్ళ చక్రం ఉండగా పరాయివాళ్ళ దారాలు ఎందుకు?” అన్నారు. సంవత్సరాల పేర్లు పక్కన రాసి చూశాను. ప్రజోత్పత్తి: 1871, జర్మనీ బంగారు నాణేల చట్టం చేసి వెండిని వదిలే దారి పట్టింది. ప్రజోత్పత్తి: 1931, బ్రిటన్ బంగారాన్ని వదిలింది. ప్రజోత్పత్తి: 1991, మన దేశం 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టింది, సోవియట్ యూనియన్ విడిపోయింది. మూడు సార్లూ ఒకే పేరు, మూడు సార్లూ బంగారం.

ఇంకా వెనక్కి వెళ్ళాను. 1811లో బంగారం ఏమీ కనబడలేదు. కానీ ఆ ఏడాది బ్రిటిష్ వారు డచ్చివారి నుంచి జావా తీసుకున్నారు, అదీ సరిపోతుంది అనుకున్నాను. 1751లో క్లైవ్ ఆర్కాటు కోటలో నిలిచాడు, అదీ సరే అనుకున్నాను. తెల్లవారాక రాసింది మళ్ళీ చదివితే నేను చేసిన పని తెలిసింది. మొదట బంగారం వెతికాను, అది దొరకనప్పుడు కోటలు వెతికాను.

జూలై 20

దీన్ని పిల్లల ముందే పరీక్షించాం. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై చీటీలు రాసి గిన్నెలో కలిపాం. హర్ష తీసిన చీటీ ఆనంద. 1854లో క్రిమియా యుద్ధం, 1914లో మొదటి ప్రపంచ యుద్ధం, 1974లో పోఖ్రాన్ అణుపరీక్ష. సుప్రజ తీసింది సర్వధారి. 1948లో హైదరాబాదు మీద సైనిక చర్య, 2008లో అమెరికా బ్యాంకుల పతనం. ఏ చీటీ తీసినా లోకం ఖాళీగా లేదు. సిద్ధాంతి గారు చివరిదాకా కూర్చుని, “ఇది కాలం కొలిచే చక్రం, జాతకం కాదు” అని తామే అన్నారు. ఆ మాట ఆయన అనడం నాకు గౌరవంగా తోచింది. ప్రజోత్పత్తి కోసం వేసిన మూడు పసుపు చుక్కలు చెరిపేశాం.

కొండ్రాత్యేవ్‌ను కూడా ఇదే చూపుతో చూడాలి. 1920లలో మాస్కోలో కూర్చుని ఈ ఆర్థికవేత్త బ్రిటన్, ఫ్రాన్సు, అమెరికాల ధరలు, వడ్డీలు, కూలి లెక్కలు పోగుచేసి, 45 నుంచి 60 ఏళ్ళ పొడవున్న అలలు ఉన్నాయన్నాడు. పెట్టుబడిదారీ వ్యవస్థ పడుతుందన్న పాలకులకు, పడి లేస్తుందన్న లెక్క రుచించలేదు. 1930లో పట్టుకున్నారు, 1938లో కాల్చి చంపారు. ప్రాణం పెట్టిన మనిషి మాట కాబట్టి నమ్మాలనిపిస్తుంది. కానీ ఆయన చేతిలో ఉన్నవి రెండున్నర అలలు. రెండున్నర అడుగులు చూసి నడక చెప్పలేం.

ఆయన చెప్పిన కారణం మాత్రం నాకు విలువైనది. కాలువలు, రైళ్ళు, రేవుల వంటివి ఒక్కసారి పెద్ద ఎత్తున కట్టుకుంటారు, అవి దశాబ్దాలు నిలుస్తాయి, అరిగాక మళ్ళీ గుంపుగా కడతారు. సముద్రం వెంబడి ఉన్న మన బకింగ్‌హాం కాలువ చూడండి. కరువు పనుల కింద 1877-78లో మద్రాసు దగ్గర తెగిన భాగాలను కలిపి తవ్వారు. 1899లో విజయవాడ నుంచి మద్రాసుకు రైలు వచ్చింది. సరుకు రైలెక్కింది, పడవ మిగిలిపోయింది.

జూలై 27

కోటేశ్వరరావు మామ పొగాకు బ్యారన్ దగ్గర కూర్చుని 1991 గురించి రాసుకున్నాను. సోవియట్ యూనియన్ మన పొగాకుకు పెద్ద కొనుగోలుదారు. లెక్క రూపాయల్లోనే నడిచేది, డాలరు వెతుక్కోనక్కరలేదు. “ఆ దేశం పోయిందని రేడియోలో విన్నాను. అది నా ఇంట్లో బేళ్ళకు సంబంధించిన వార్త అని వేలం మొదలయ్యేదాకా తెలియలేదురా” అన్నాడు మామ. ఆయన పేరు రాయకుండా ఆ మాట 1991 కింద రాయించాను. గోడ మీద రైతు మాట ఇదొక్కటే. ఇంకొన్ని ఉండవలసింది.

ఇంకో గుర్తు: 1960ల మొదట్లో బ్రెజిల్ వెళ్ళిన ఒంగోలు ఆబోతు. ఒంగోలు పక్కన ఉన్న కరవది పేరే దానికి నిలిచింది. అక్కడ ఆ జాతిని నెలోరె అంటారు, మన నెల్లూరు. ఈనాడు గొడ్డు మాంసం ఎగుమతిలో బ్రెజిల్‌దే మొదటి స్థానం, కొనేవాళ్ళలో చైనా ముందుంది. పసుపు పట్టీ మళ్ళీ చిక్కబడే చోట ఒక చిన్న మూపురం బొమ్మ వేశాడు మస్తానయ్య.

ఆగస్టు 10

ధాత కరువు. ఈ భాగం నేనే వేస్తానన్నాను.

1876 ధాత, 1877 ఈశ్వర. ఎడమ అంచు నుంచి 1,278వ సెంటీమీటరు. సరిగ్గా ఆ చోట ఎరుపు పట్టీ అన్నిటికన్నా చిక్కగా ఉంది. లండను ప్రపంచానికంతా వడ్డీకి అప్పులిస్తున్న కాలం. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా చాటుతూ దర్బారు జరిగింది. ఆ నెలలోనే మద్రాసు రాజధానిలో కరువు పనికి వచ్చిన మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించారు. పౌను అంటే అరకిలో కూడా కాదు, 450 గ్రాములు. ధాన్యం మాత్రం ఓడలెక్కి పోతూనే ఉంది. దక్షిణాదిన, దక్కనులో చనిపోయినవారు యాభై లక్షలకు తక్కువ ఉండరని అంచనా.

ఎరుపు కింద ఒక నల్ల పట్టీ వేశాను, 4 సెంటీమీటర్ల పొడవు. రెండేళ్ళు అంతే. ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ అంచనా ప్రకారం ప్రపంచ ఉత్పత్తిలో మన దేశం వాటా 1700లో 24 శాతం, 1950లో 4 శాతం. చక్రం తిరిగింది, అల లేచింది అని తేలిగ్గా అనే వాళ్ళు ఈ నాలుగు సెంటీమీటర్ల ముందు కాసేపు నిలబడాలని నా కోరిక. చక్రం కింద ఎవరు ఉన్నారో చెప్పని చక్రసిద్ధాంతం నాకు అక్కరలేదు.

ఆగస్టు 17

నీలం పట్టీ పూర్తయింది. అమెరికా ఉత్పత్తిలో బ్రిటన్‌ను దాటింది 1870, 80లలోనే. కానీ డాలరు గద్దెనెక్కింది 1944లో. అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాల ప్రతినిధులు కూర్చుని, ఔన్సు బంగారానికి 35 డాలర్లు అన్న మాట మీద మిగతా నాణేలన్నిటినీ కట్టారు. మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు, ఆ యుద్ధాలకు బ్రిటన్ చేసిన అప్పులు. అప్పు ఇచ్చింది అమెరికా. ఒకప్పుడు అక్కడి రైళ్ళకు లండనే అప్పిచ్చింది. 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ మీదికి దండెత్తిన బ్రిటన్‌కు, వెనక్కి తగ్గితే తప్ప పౌనును ఆదుకునేది లేదని వాషింగ్టన్ చెప్పాక ఎరుపు పూర్తిగా ఎండు బ్రష్ అయింది.

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారం ఇవ్వడం ఆపేశాడు. వియత్నాం యుద్ధం ఖర్చు ఒక పెద్ద కారణం. ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకు కూడా యుద్ధంలో చితికిన డచ్చి కంపెనీకి రహస్యంగా అప్పులిచ్చి, ఆ సంగతి బయటపడ్డాక నమ్మకం పోగొట్టుకుంది. ఏళ్ళ సంఖ్య కలవదు. మాట తప్పే తీరు కలుస్తుంది. కానీ మాట తప్పాక కూడా డాలరు పోలేదు, 54 ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. అందుకే 1971 తర్వాత నీలాన్ని నేను పలచబరచనివ్వలేదు. హర్షకు ఇది నచ్చలేదు. అతని అభ్యంతరాన్ని కూడా ఇక్కడ రాస్తున్నాను: “నమ్మకం తగ్గింది కదా మాస్టారూ, రంగు ఎందుకు తగ్గదు?”

ఆగస్టు 31

బుధవారం, 27వ తేదీ నుంచి అమెరికా సుంకం 50 శాతం అయింది. మా తమ్ముడు ఈ రోజు గోడ చివరిదాకా నడిచి వచ్చాడు. మామ మాట దగ్గర ఎక్కువ సేపు ఆగాడు. “అయితే వీళ్ళ ఆట ఎప్పుడు ముగుస్తుందన్నా?” అని అడిగాడు.

హర్ష పరుగున వెళ్ళి 240 సెంటీమీటర్ల దారం తెచ్చి 1944 దగ్గర మేకుకు తగిలించాడు. దారం 2064కు చేరాలి. గోడ 2060తో సరి. ఎనిమిది సెంటీమీటర్ల దారం గోడ దాటి గాలిలో ఊగింది. సుప్రజ మేకు పీకి 1919 దగ్గర కొట్టింది. ఈసారి కొస 2039 మీద, ఖాళీ జాగా మధ్యలో పడింది. “మేకు ఎక్కడ కొట్టాలో ముందు తేలాలి కదా” అంది తమ్ముడితో.

నేను తేదీ చెప్పలేదు. రంగులు కలిసి ఉన్న చోట్లు చూపించాను, ఒక్కొక్కటి ఎన్ని దశాబ్దాలో వేలితో కొలిచి చూపించాను. పంట మొత్తాన్ని ఒకే దేశానికి అమ్మే ఏర్పాటు మీద ఆధారపడవద్దని, ఈసారి రొయ్య పిల్ల వదిలే ముందు ఇక్కడి సంతల్లో, వేరే దేశాల్లో ఏ సైజు రొయ్య పోతుందో కనుక్కోమని చెప్పాను. చెరువులో సగం ఈసారికి ఖాళీ ఉంచుతానన్నాడు.

మిగిలిన 70 సెంటీమీటర్లకు ప్రైమరు ఒక్కటే వేశాం. ఈశాన్య రుతుపవనాల వానలకు పైపూత లేని ప్రైమరు నిలవదని మస్తానయ్య అంటున్నాడు. తాత్కాలికంగా తెల్ల సున్నం కొట్టి, ఏటా ఉగాదికి 2 సెంటీమీటర్ల మేర గీకి ఆ ఏటి రంగులు వేయాలని నిర్ణయించాం. మొదటిది రాబోయే పరాభవ ఉగాదికి. టేపు, దారం, ఎండు బ్రష్‌లు సుప్రజ ఇంట్లో ఉన్నాయి.